ఒకసారి వేసిన ఫైర్‌బాల్ ఆ రోజుకి ఇక అయిపోయినట్టేనా? (5వ ఎడిషన్ విజర్డ్ సందేహాలు)

వానచినుకు

అందరికీ నమస్కారం. డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసుకుని డైసులతో ఆడే కథల ఆట) మొదలుపెట్టి నాకు నాలుగు నెలలే అయింది. తప్పుగా అడిగితే సరిదిద్దండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కాకినాడలో మా పెద్దమ్మ వాళ్లింట్లో, మేడమీద గదిలో ఆడతాం. పెద్దమ్మ కొడుకే మా డీఎం (ఆట నడిపించేవాడు). ఆడేది నలుగురం: ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), క్లెరిక్ (పూజారి), నేను విజర్డ్ (మాంత్రికుడు). మాది 5వ ఎడిషన్‌లో 2014 రూల్స్ పుస్తకం. మొన్ననే 5వ లెవెల్‌కి వచ్చాం. నా ఇంటెలిజెన్స్ 18, కాన్‌స్టిట్యూషన్ 14.

ఫైర్‌బాల్ (నిప్పుగోళంతో పేల్చే స్పెల్, అంటే మంత్రం) ఎప్పుడొస్తుందా అని నెల రోజులుగా ఎదురుచూశాను. పోయిన ఆదివారం పాడుబడ్డ గనిలో ఇద్దరు ఓగ్రెలు, గాబ్లిన్ల గుంపు ఎదురయ్యారు. మొదటి రౌండ్‌లోనే ఫైర్‌బాల్ వేశాను. 8 డైసులు చేతిలో పట్టక రెండు కింద పడ్డాయి, అంత సంతోషం. రెండో రౌండ్‌లో మళ్లీ వేస్తానంటే అన్నయ్య ఒప్పుకోలేదు. "పొద్దున ఒక్కసారే ప్రిపేర్ చేశావు, వేసేశావు, ఇక రేపే" అన్నాడు. సరే అని మా ఫైటర్ మీద హేస్ట్ (వేగం పెంచే స్పెల్) వేశాను.

తర్వాత నాకు రెండు బాణాలు తగిలాయి, ఒకటి 6, ఒకటి 8. కాన్సంట్రేషన్ సేవ్ (దెబ్బ తగిలినా ఏకాగ్రత చెదరకుండా స్పెల్ నిలిచిందో లేదో చూసే డైస్) ఒక్కటే వెయ్యమన్నాడు, నిలిచింది. మూడో రౌండ్‌లో వెబ్ (సాలెగూడు స్పెల్) వేస్తానంటే "హేస్ట్ పోతుంది, ఆలోచించుకో" అన్నాడు. ఈలోగా ఒక ఓగ్రె నా మీదకొచ్చాడు. మిస్టీ స్టెప్‌తో (చిటికెలో వేరే చోటికి మారే స్పెల్) తప్పించుకుని, అదే టర్న్‌లో మ్యాజిక్ మిసైల్ వేద్దామనుకున్నాను. మిస్టీ స్టెప్ బోనస్ యాక్షన్ (టర్న్‌లో అదనంగా చేసే చిన్న పని), మిసైల్ యాక్షన్ (టర్న్‌లో అసలు పని). రెండింటికీ స్లాట్లున్నాయి (స్పెల్ వేసినప్పుడల్లా ఖర్చయ్యే, రోజుకిన్ని అని ఉండే అవకాశాలు). అయినా కుదరదన్నాడు, "కావాలంటే ఫైర్ బోల్ట్ వెయ్యి" అన్నాడు. అక్కడ నాకు కొంచెం కష్టంగా అనిపించింది. ఇంటికొచ్చి ఆ అధ్యాయం మూడుసార్లు చదివాను, ఇంకా గందరగోళమే.

ఆ రోజు నేను ప్రిపేర్ చేసుకున్నవి: మేజ్ ఆర్మర్, షీల్డ్, మ్యాజిక్ మిసైల్, మిస్టీ స్టెప్, వెబ్, ఇన్విజిబిలిటీ, ఫైర్‌బాల్, హేస్ట్, కౌంటర్‌స్పెల్. మొత్తం తొమ్మిది. స్లాట్లు కూడా మొదటి లెవెల్‌వి 4, రెండో లెవెల్‌వి 3, మూడో లెవెల్‌వి 2 కలిపితే తొమ్మిదే. అంటే ఒక్కో స్పెల్‌కి ఒక్కో స్లాట్ అన్న అన్నయ్య మాటే నిజమా? ఇంకొకటి, నేను 5వ లెవెల్ విజర్డ్‌ని కదా, 5వ లెవెల్ స్పెల్స్ ఎందుకు రాలేదు?

అన్నయ్యతో గొడవ పెట్టుకోవడానికి అడగట్లేదు. మా కోసం వారమంతా కూర్చుని మ్యాపులు గీస్తాడు. నాకు అర్థమైతే చాలు.

గవ్వలసంచి

వానచినుకు గారూ, మీరు ఆ తొమ్మిది పేర్లూ రాయడం మంచిదైంది. చిక్కు అక్కడే ఉంది, విడిపోయేదీ అక్కడే.

ముందు జవాబు: రెండో ఫైర్‌బాల్ వెయ్యొచ్చు. 2014 రూల్స్‌లో స్పెల్ వేస్తే స్లాట్ పోతుంది, స్పెల్ పోదు. పొద్దున ప్రిపేర్ చేసుకున్న తొమ్మిదీ రాత్రి పడుకునేదాకా మీ దగ్గరే ఉంటాయి. మూడో లెవెల్ స్లాట్లు రెండున్నాయి కాబట్టి రెండు ఫైర్‌బాల్స్ వేసుకోవచ్చు, రెండు హేస్ట్‌లు వేసుకోవచ్చు, ఒకటీ ఒకటీ వేసుకోవచ్చు.

నేను తెనాలిలో మా అక్క పిల్లలకి ఆడిస్తాను. వేసవి సెలవుల్లో ఎదురుగా కూర్చుని, మిగతా రోజుల్లో వీడియో కాల్‌లో. మొదటి ఏడాది వాళ్లదీ ఇదే సందేహం. కాగితం మీద గళ్లు గీసి కొట్టేయిస్తే స్పెల్ పేరు కొట్టేసేవాళ్లు, స్లాట్ కొట్టేసేవాళ్లు కాదు. చివరికి మా అమ్మ అష్టాచెమ్మా డబ్బా తెరిచాను. మొదటి లెవెల్ స్లాట్‌కి చింతగింజ, రెండో లెవెల్‌కి గురివింద గింజ, మూడో లెవెల్‌కి గవ్వ. మీ విజర్డ్ అయితే పొద్దున లేచేసరికి ముందు నాలుగు చింతగింజలు, మూడు గురివిందలు, రెండు గవ్వలు ఉంటాయి. ప్రిపేర్ చేసిన స్పెల్స్ వేరే: పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, వెనక తెల్లటి వైపు ఒక్కో స్పెల్ పేరు రాసుకుంటారు. ఫైర్‌బాల్ వేశారంటే గవ్వ తీసి ఇత్తడి చెంబులో పడెయ్యాలి. చెంబు మోగుతుంది, ఖర్చయిందని అందరికీ వినబడుతుంది. అట్టముక్క మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పిల్లలకి మళ్లీ ఎప్పుడూ ఈ రూల్ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు మీ తొమ్మిదీ తొమ్మిదీ చూడండి. ప్రిపేర్ చేసుకునే సంఖ్య మీ లెవెల్ 5కి ఇంటెలిజెన్స్ మోడిఫయర్ (18కి వచ్చే అదనపు అంకె) 4 కలిపితే వచ్చింది. స్లాట్ల సంఖ్య విజర్డ్ పట్టికలోంచి వచ్చింది. ఒకదానితో ఒకటికి సంబంధం లేదు, 5వ లెవెల్‌లో 18 ఉన్నవాళ్లకి అలా కలిసొచ్చాయంతే. పోయిన లెవెల్‌లో చూసుకోండి, మీ ఇంటెలిజెన్స్ అప్పటికే 18 అయితే ప్రిపేర్ చేసినవి 8, స్లాట్లు 7. సరిపోవు. ఇప్పటి లిస్టులోనే ఇంకో ఆధారం ఉంది: మూడో లెవెల్ స్పెల్స్ మీరు మూడు ప్రిపేర్ చేశారు (ఫైర్‌బాల్, హేస్ట్, కౌంటర్‌స్పెల్), ఆ లెవెల్ స్లాట్లు రెండే. ఒక్కోదానికి ఒక్కో స్లాట్ అయితే మూడోది ఎందులో పడుతుంది?

మీ అన్నయ్య ఊరికే కల్పించి చెప్పలేదు. పాత ఎడిషన్లలో నిజంగా అలాగే ఉండేది. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌తో హాస్టల్లో మేం మొదలుపెట్టినప్పుడు, విజర్డ్‌కి రెండు ఫైర్‌బాల్స్ కావాలంటే పొద్దునే రెండుసార్లు ప్రిపేర్ చేసి రెండు స్లాట్లలో కూర్చోబెట్టుకోవాలి. వేసిన మరుక్షణం ఆ మంత్రం బుర్రలోంచి చెరిగిపోతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆట తెచ్చినప్పటి నుంచీ ఉన్న పద్ధతి అది. జాక్ వాన్స్ అనే అమెరికన్ రచయిత కథల్లో మాంత్రికులు అలా కష్టపడి తలకెక్కించుకుని, పలకగానే మర్చిపోతారు, అక్కడి నుంచి తీసుకున్నారు. నాకు ఆ పద్ధతి అంటే ఇప్పటికీ ఇష్టమే. రేపు ఏం ఎదురవుతుందో ఇవాళే ఊహించాలి, ఊహ తప్పితే చేతిలో అక్కరకు రాని మంత్రాలే మిగులుతాయి. కానీ మీరు ఆడుతున్న పుస్తకంలో అది లేదు.

స్లాట్ వేరు, స్పెల్ వేరు అని పట్టుకుంటే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. చిన్న స్పెల్‌ని పెద్ద స్లాట్‌తో వెయ్యొచ్చు. మ్యాజిక్ మిసైల్ చింతగింజతో వేస్తే మూడు బాణాలు, ఒక్కోటి 1డి4+1 (నాలుగు ముఖాల డైస్ ఒకటి వేసి, 1 కలపడం). గురివిందతో నాలుగు, గవ్వతో అయిదు. కానీ ప్రతి స్పెల్ అలా పెరగదు. వివరణ చివర్లో పెద్ద స్లాట్‌తో వేస్తే ఏమవుతుందో రాసి ఉంటేనే. షీల్డ్‌కి గవ్వ పెట్టినా వచ్చేది ఆ +5 ఏసీయే (దెబ్బ తగలకుండా కాపాడే అంకె), గవ్వ దండగ. పెద్ద స్పెల్‌ని చిన్న స్లాట్‌తో వెయ్యడం కుదరదు, మూడు చింతగింజలిచ్చి ఒక గవ్వ తీసుకోవడమూ కుదరదు. (సోర్సరర్‌లకి పాయింట్లతో మార్చుకునే దారి వేరే ఉంది.)

లెవెల్ అనే మాట గురించి. ఒకే మాటని రెండు చోట్ల వాడారు, చాలామంది ఇక్కడే తడబడతారు. మా పిల్లలకి నేను స్పెల్ లెవెల్‌ని "మెట్టు" అని చెబుతాను. మెట్లు తొమ్మిదే. విజర్డ్‌కి 5వ లెవెల్‌లో మూడో మెట్టు, 7లో నాలుగోది, 9లో అయిదోది అందుతాయి. తొమ్మిదో మెట్టు 17వ లెవెల్‌కి గానీ రాదు.

మీకెవరూ చెప్పి ఉండకపోతే ఇదీ చెబుతాను. ఆర్కేన్ రికవరీ వాడుతున్నారా? ఒక గంట షార్ట్ రెస్ట్ తీసుకున్నాక రోజుకొక్కసారి, మీ లెవెల్‌లో సగం (పైకి సవరించి 3) విలువ చేసే స్లాట్లు తిరిగొస్తాయి. అంటే ఒక గవ్వ, లేదా ఒక గురివింద ఒక చింతగింజ, లేదా మూడు చింతగింజలు. ఆ గనిలో గంటసేపు కూర్చోగలిగితే ఇంకో ఫైర్‌బాల్ మీదే.

ఇక కాన్సంట్రేషన్. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రూల్ ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

స్పెల్ వివరణలో కాలపరిమితి దగ్గర "కాన్సంట్రేషన్" అని ఉంటే, అలాంటిది ఒక్కసారికి ఒక్కటే నిలబెట్టగలం. వెబ్‌కీ ఉంది, హేస్ట్‌కీ ఉంది. వెబ్ మొదలుపెట్టిన క్షణమే హేస్ట్ ఆగిపోతుంది. మీ అన్నయ్య హెచ్చరించింది న్యాయమే. ఫైర్‌బాల్, మిసైల్, మిస్టీ స్టెప్‌లకి కాన్సంట్రేషన్ లేదు కాబట్టి హేస్ట్ నడుస్తుండగా అవి వేసుకోవచ్చు.

దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ సేవ్. డీసీ (డైస్ అందుకోవాల్సిన అంకె) 10, లేదా తగిలిన దెబ్బలో సగం, ఏది పెద్దదైతే అది. 22 తగిలితే 11. ప్రతి దెబ్బకీ విడిగా సేవ్ వెయ్యాలని పుస్తకం చెబుతుంది. మీకు రెండు బాణాలు తగిలాయి కాబట్టి రెండు సేవ్‌లు, రెండూ డీసీ 10. మీ కాన్‌స్టిట్యూషన్ 14కి వచ్చే +2తో ఒక్క సేవ్ నిలవాలంటే డి20 మీద 8 గానీ పైన గానీ పడాలి, నూటికి 65. రెండూ నిలవడం నూటికి 42 మాత్రమే. అంటే ఒక్కటే వేయించి మీ అన్నయ్య ఆ రౌండ్‌లో మీకు మేలే చేశారు.

పోయిన మే నెలలో మా మేనకోడలు తన తమ్ముడి పాలడిన్ మీద హేస్ట్ వేసింది. వాడు ఉత్సాహంగా పరుగెత్తి ఇద్దరు ఓగ్రెల మధ్యకి దూరాడు. పాప మాత్రం గుమ్మం మధ్యలో, ఏ చాటూ లేకుండా నిలబడి ఉంది. ఒక బాణం, 9 దెబ్బ, డీసీ 10. డైస్ మీద 7, దానికి 2 కలిపితే 9. ఒక్కటి తక్కువ. హేస్ట్ మామూలుగా ఆగిపోదు, ఆగాక దాని కింద ఉన్నవాడు తన తర్వాతి టర్న్ అయ్యేదాకా కదలలేడు, ఏ యాక్షనూ చెయ్యలేడు. పిల్లాడు డైస్ టేబుల్ మీద పెట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఓగ్రె దెబ్బ 2డి8+4, నేను నాలుగుసార్లు వెయ్యాల్సి వచ్చింది. రెండు తగిలాయి, వాడు పడిపోయాడు. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను స్తంభం వెనక నిలబడాల్సింది మామయ్యా" అంది. ఎవరూ చెప్పకుండానే అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో కాన్సంట్రేషన్ పెట్టినవాళ్ల ముందు ఒక ఖాళీ అగ్గిపెట్టె నిలువుగా నిలబెడతాం. దెబ్బ తగిలిన ప్రతిసారీ అందరి చూపూ దాని మీదే. సేవ్ పోతే వాళ్లే దాన్ని పడుకోబెట్టాలి. అగ్గిపెట్టె ఒక్కటే ఉంటుంది కాబట్టి రెండో కాన్సంట్రేషన్ ప్రశ్నే రాదు. పాలడిన్ ఇప్పుడు ఎదురు పరుగెత్తే ముందు అక్క ఎక్కడ నిలబడిందో వెనక్కి తిరిగి చూస్తాడు.

చివరిగా మిస్టీ స్టెప్. ఇక్కడ మీ అన్నయ్యదే పూర్తిగా రైటు. 2014 పుస్తకంలో, బోనస్ యాక్షన్‌తో ఏదైనా స్పెల్ వేస్తే ఆ టర్న్‌లో ఇంకో స్పెల్ వెయ్యకూడదు, యాక్షన్‌తో వేసే క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు లేని చిన్న స్పెల్) తప్ప. స్లాట్లు ఎన్ని మిగిలాయన్నది లెక్కలోకి రాదు. అందుకే ఫైర్ బోల్ట్ అన్నారు. 5వ లెవెల్‌లో అది 2డి10, తీసిపారెయ్యాల్సిందేం కాదు. జాగ్రత్త, అదే టర్న్‌లో ఓగ్రె నుంచి దూరంగా నడుస్తూ వాడు వెనక నుంచి కొడితే షీల్డ్ కూడా వెయ్యలేరు, అదీ స్పెల్లే కాబట్టి. మీ టర్న్ అయిపోయి వాడి టర్న్ వచ్చాక మాత్రం వేసుకోవచ్చు.

ఉప్పల్_క్లెరిక్

గవ్వలసంచి అన్న మంచిగ చెప్పిండు. నేను రెండేండ్ల సంది క్లెరిక్ ఆడుతున్న, చెల్లె, మీ క్లెరిక్‌కి ఒక ముచ్చట చెప్పు.

ఆ బోనస్ యాక్షన్ రూల్ మా మీద ఎక్కువ పడ్తది. హీలింగ్ వర్డ్ (గాయాలు మాన్పే స్పెల్) బోనస్ యాక్షన్, గది ఏస్తే అదే టర్న్‌ల గైడింగ్ బోల్ట్ ఏసేదానికి ఉండదు. స్పిరిచువల్ వెపన్ కూడ అంతే, కని ఏసిన టర్న్‌ల మాత్రమే. తర్వాతి టర్న్ల దాన్ని బోనస్ యాక్షన్‌తోని కొట్టిస్తుంటం చూడు, అది స్పెల్ ఏసుడు కాదు, ముందే ఏసిన దాన్ని నడిపించుడు. అప్పుడు యాక్షన్ల ఏ స్పెల్ అయిన ఏసుకోవచ్చు. నాకు గిది సమజ్ అయ్యెసరికి ఆరు నెలలు పట్టింది, అన్ని రోజులు ఉత్తగ గద పట్టుకొని కొట్టిన.

ఇంగొకటి చేతుల లెక్క. స్పెల్ పక్కన మూడు గుర్తులుంటయి: నోటితోని పలికేది, చేతితోని చేసేది, వస్తువు. నా ఒక చేతిల గద, ఇంకో చేతిల డాలు. డాలు మీద దేవుని గుర్తు చెక్కించుకున్న. వస్తువు కావాల్సిన స్పెల్ అయితే ఆ గుర్తు వస్తువు బదులు పనికొస్తది, అదే చెయ్యి సైగ కూడ చేస్తది. బ్లెస్‌కి కొన్ని మంత్రజలాలు కావాలె, కాబట్టి డాలుతోనే ఏస్త. క్యూర్ వూండ్స్‌కి వస్తువు లేదు, సైగ ఉన్నది. రూల్ ప్రకారం చెయ్యి ఖాళీ ఉండాలె, గద దించాలె. వస్తువు ఉన్నదానికి చెయ్యి అక్కర్లేదు, లేనిదానికి కావాలె, ఉల్టా అనిపిస్తది కని రాసింది అదే. హీలింగ్ వర్డ్‌కి నోరు ఒక్కటే చాలు. అందుకే అది నేను ఏ రోజు ఇడిచిపెట్ట.

వస్తువుకి ధర రాసి ఉంటే మాత్రం గుర్తు, సంచి ఏది పనికి రాదు, అసలుదే కావాలె. రివివిఫైకి (సచ్చినోన్ని బతికిచ్చే స్పెల్) 300 బంగారు నాణేల వజ్రాలు, ఏసినంక అవి మాయమైతయి. సచ్చిన ఒక్క నిమిషం లోపలనే ఏయాలె. మా రేంజర్ సచ్చినప్పుడు నా తాన స్లాట్ ఉండె, స్పెల్ ప్రిపేర్ చేసి ఉండె, పైసలు 800 ఉండె. వజ్రాలు లెవ్వు. ఊరు రెండు రోజుల దూరం. పది రౌండ్లు లెక్కవెట్టుకుంట కూసున్నం. మీ క్లెరిక్‌కి 5వ లెవెల్ అయింది కద, ఇంగ ఊర్లెకి పోంగనే ముందుగాల వజ్రాలు కొనుమను.

కాన్సంట్రేషన్ సేవ్ విషయంల ఒకటి అడుగుత అన్న. మా దగ్గర ఒక రౌండ్‌ల తాకిన దెబ్బలన్ని కలిపి ఒక్కటే సేవ్ ఏస్తం. ఆరుగురం ఆడుతం, ప్రతి బాణానికి డైస్ అంటే రాత్రి పదకొండు అయితది. అది అంత తప్పా?

గవ్వలసంచి

తప్పనను తమ్ముడూ, టేబుల్ అంతా ముందే ఒప్పుకుంటే సరే. కానీ ఎవరికి లాభమో తెలుసుకుని ఒప్పుకోవాలి. చిన్న దెబ్బలు కలిపితే ఆడేవాళ్లకి లాభం, పైన లెక్క వేశాం కదా. పెద్ద దెబ్బలు కలిపితే నష్టం: 18, 18 విడిగా అయితే రెండూ డీసీ 10, కలిపితే 36, డీసీ 18. +2 ఉన్నవాళ్లకి విడిగా రెండు నిలవడం నూటికి 42, కలిపి 18 గానీ పైన గానీ రావడం నూటికి 25.

ఇంకో సంగతి. విడివిడిగా వేస్తే గాబ్లిన్ల గుంపుకి ఒక విలువ వస్తుంది. ఒక్కోటి చిన్న దెబ్బే అయినా విజర్డ్ ఏకాగ్రత చెదరగొట్టడానికి అయిదుగురు చిల్లర బాణాలవాళ్లు ఒక ఓగ్రె కంటే ప్రమాదం. దాన్ని ఆడేవాళ్లు ఎదురు తిప్పి కూడా వాడుకోవచ్చు. శత్రువుల మాంత్రికుడు హోల్డ్ పర్సన్ (మనిషిని కదలనివ్వని స్పెల్) పట్టుకుని ఉన్నప్పుడు, కత్తి చిన్నదైనా రెండు చేతులతో రెండుసార్లు కొట్టే మీ రోగ్ అందరికంటే ముఖ్యమైపోతుంది. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. టైమ్ గురించి అయితే, రెండు డైసులు ఒకేసారి వెయ్యమనండి, రెండు రంగుల్లో. ఒక్క విసురుతో అయిపోతుంది.

రాత్రిబడి

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ మా గుంపు 2024 పుస్తకానికి మారింది. వానచినుకు గారు 2014 అని స్పష్టంగా చెప్పారు కాబట్టి పైన రాసినవన్నీ సరైనవే, కానీ నెట్‌లో వెతికేటప్పుడు రెండూ కలిసిపోయి కనిపిస్తాయి, అందుకే ఈ మాట.

కొత్త పుస్తకంలో ఆ బోనస్ యాక్షన్ రూల్ తీసేసి, ఒక టర్న్‌లో స్పెల్ వెయ్యడానికి ఒకే స్లాట్ ఖర్చు పెట్టాలి అన్నారు. మిస్టీ స్టెప్‌కి, మిసైల్‌కి రెండింటికీ స్లాట్ కావాలి కాబట్టి మీ విషయంలో ఫలితం మారదు. కానీ ఏదైనా వస్తువులోంచో, రోజుకొకసారి ఉచితంగా వచ్చే శక్తిలోంచో మిస్టీ స్టెప్ వేస్తే దానికి స్లాట్ ఖర్చు ఉండదు, అప్పుడు రెండూ కుదురుతాయి. పాత పుస్తకంలో అది కూడా కుదరదు. స్పిరిచువల్ వెపన్‌కి కొత్తదాంట్లో కాన్సంట్రేషన్ పెట్టారు, ఉప్పల్ తమ్ముడికి అది నచ్చకపోవచ్చు. కౌంటర్‌స్పెల్ (అవతలివాళ్ల స్పెల్‌ని అడ్డుకునేది) కూడా మారింది: ఇప్పుడు అవతలి మాంత్రికుడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తాడు, సేవ్ పోతే స్పెల్ పోతుంది గానీ స్లాట్ మిగులుతుంది.

2014 రూల్స్‌లో ముఖ్యమైన భాగం ఎస్ఆర్‌డీ 5.1 పేరుతో ఉచితంగా దొరుకుతుంది, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (అందరూ ఉచితంగా వాడుకునే లైసెన్సు) కింద విడుదల చేశారు. ఫైర్‌బాల్, హేస్ట్, మిస్టీ స్టెప్ అన్నీ అందులో ఉన్నాయి. ఫోన్‌లో పెట్టుకుంటే టేబుల్ దగ్గర పుస్తకం చేతులు మారే పని ఉండదు.

వానచినుకు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి, తొమ్మిది స్పెల్స్‌లో మూడో మెట్టువి మూడున్నాయి, స్లాట్లు రెండే ఉన్నాయి, ఎలా అని మాత్రమే అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పుస్తకం తెస్తానుండు" అని పెట్టేశాడు. పావుగంటకి తనే చేసి, "ఫైర్‌బాల్ విషయంలో నేనే తప్పు, ఈ ఆదివారం నుంచి మార్చేద్దాం" అన్నాడు. అయిపోయిన పోరాటం అలాగే ఉంచుదాం, వెనక్కి తిప్పొద్దు అన్నాడు, నేనూ సరే అన్నాను. రెండు బాణాల సేవ్ సంగతి కూడా చెప్పేశాను. దాచుకుంటే బాగుండదనిపించింది. అదీ ఇకనుంచి విడిగానే. అమ్మని అడిగితే పోపులపెట్టె కింద అరలోంచి చింతగింజలు తీసిచ్చింది. గురివిందలు లేవు, ఎర్రపూసలు పెడుతున్నాను.

ఇంకొక్కటి అడుగుతాను. గని చివర ఒక పెద్ద చెక్క భోషాణం ఉంది. దాని మీద ఏదో మంత్రం ఉందని రోగ్ అనుమానం. నా స్పెల్‌బుక్‌లో డిటెక్ట్ మ్యాజిక్ ఉంది, ఆ రోజు ప్రిపేర్ చెయ్యలేదు. చింతగింజలన్నీ అయిపోయాయి కూడా. దాని పక్కన "రిచువల్" అని రాసి ఉంది. నాకేమైనా దారుందా?

గవ్వలసంచి

ఉంది, అదీ విజర్డ్‌కి ప్రత్యేకంగా ఉన్న దారి. రిచువల్ అని గుర్తున్న స్పెల్‌ని పది నిమిషాలు ఎక్కువ తీసుకుని వేస్తే స్లాట్ అక్కర్లేదు. క్లెరిక్ అయితే దాన్ని ఆ రోజు ప్రిపేర్ చేసి ఉండాలి. విజర్డ్‌కి పుస్తకంలో ఉంటే చాలు, పుస్తకం తెరిచి చూస్తూ వేస్తారు. అందుకే తెలివైన విజర్డ్‌లు రిచువల్స్‌ని ఎప్పుడూ ప్రిపేర్ చెయ్యరు, ఆ చోటు పోరాటానికి పనికొచ్చేవాటికి ఇస్తారు.

రెండు జాగ్రత్తలు. ఆ పది నిమిషాలూ కాన్సంట్రేషన్ పెట్టే ఉండాలి, కాబట్టి అప్పటికే వేరేది ఏదైనా పట్టుకుని ఉంటే అది పోతుంది. పూర్తయ్యాక డిటెక్ట్ మ్యాజిక్ కూడా కాన్సంట్రేషన్ స్పెల్లే, ఇంకో పది నిమిషాల దాకా. మధ్యలో ఎవరైనా మీద పడి సేవ్ పోతే మళ్లీ మొదటి నుంచి.

అది ఏం చెబుతుందో కూడా సరిగ్గా చదువుకోండి. 30 అడుగుల లోపల మాయ ఉందని తెలుస్తుంది. ఒక యాక్షన్ ఖర్చు పెడితే కంటికి కనబడే వస్తువు చుట్టూ లేత కాంతి కనిపిస్తుంది, అది ఏ రకం మాయో తెలుస్తుంది. భోషాణం మీదే మంత్రం ఉంటే కాంతి దాని చుట్టూ కనిపిస్తుంది. మాయ ఉందని తెలిసి, భోషాణం చుట్టూ కాంతి లేకపోతే అది లోపలి వస్తువుదై ఉండొచ్చు. చెక్క దాన్ని ఆపాలంటే మూడు అడుగుల మందం కావాలి, భోషాణానికి అంత ఉండదు. రాయి అయితే ఒక అడుగు, మామూలు లోహం ఒక అంగుళం ఆపుతాయి. సీసం మాత్రం పల్చటి రేకు చాలు. కాబట్టి ఏమీ తెలియనంత మాత్రాన ఏమీ లేదని కాదు. లోపల సీసం అద్దారో లేదో రోగ్‌ని మూత అంచు గీకి చూడమనండి.

వానచినుకు

పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలన్నమాట. మా ఫైటర్ ఇప్పటికే గొడ్డలి తీసి పట్టుకుని ఉన్నాడు. ఈ ఆదివారం ముందుగా అతన్ని భోషాణం దగ్గర నుంచి ఇవతలకి లాగుతాను, తర్వాత పుస్తకం తెరుస్తాను. అగ్గిపెట్టె కూడా పట్టుకెళ్తున్నాను.